పాలకొండల్లో చెట్టును కొలవబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయిని పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

పాలకొండల్లో ఎర్రచందనం ఎదుగుదలకూ వాతావరణానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించే పని నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. ఆ కోనల్లో ముప్పై ఏళ్లకు పైగా కొలువు చేసినవాణ్ణి కనుక, నాకు తెలిసినది వ్రాస్తున్నాను.

మంచుకొండల అడవుల గురించి చదివినదంతా ఇక్కడికి తెచ్చుకోవద్దు. అక్కడ చెట్లు ఆగిపోయే ఎత్తు దగ్గర ఎదుగుదలను నిలిపేది చలి. మన కొండలు వెయ్యి మీటర్లు దాటడం అరుదు; ఇక్కడ చెట్టును పెంచేదీ ఆపేదీ దాని వేరుకు అందే తడి.

అందుకని ఏడాది మొత్తం వానను చూసి తీర్పు చెప్పకు. కడప ప్రాంతంలో సాలుకు సుమారు 700 మిల్లీమీటర్ల వాన నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండింటి వల్లా పడుతుంది కాబట్టి, అది ఎప్పుడు, ఎన్ని రోజులు పడిందన్నదే ముఖ్యం. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పటి వానను తలచుకో. బండ మీద జానెడు మట్టి ఉన్న వాలు అంత నీటిని ఎక్కడ దాచుకోగలదు? మిగిలినదంతా వంకల పాలవుతుంది. అదే వాన నెల రోజులు జల్లుజల్లుగా కురిస్తే రాతి పగుళ్లలోకి దిగి, అక్కడిదాకా చొచ్చుకుపోయిన ఎర్రచందనం వేళ్లకు చాలాకాలం ఆసరా అవుతుంది.

వేడి విషయంలోనూ నెలను చూడాలి. జనవరి నుంచి మార్చి వరకు ఆకు రాల్చి నిలిచిన చెట్టు ఎలాగూ ఎదగదు. ఆకు నిండుగా ఉన్న ఆగస్టులో మూడు వారాలు వాన మొహం చాటేస్తే మాత్రం, ఎండకు నీరు ఆవిరైపోకుండా ఆకు తన రంధ్రాలను మూసుకుంటుంది. దానితో ఆహారం తయారీ తగ్గి, కాండం లావెక్కడం మందగిస్తుంది.

ఇక కొలత. మొదటి ఏడాది నేను రోహిణి కార్తెలో ఒకసారి, తొలకరి తరువాత మరొకసారి చుట్టుకొలతలు తీసి, పక్షం రోజుల్లోనే చెట్లు పెరిగాయని వ్రాసుకున్నాను. అది ఎదుగుదల కాదు, ఎండకు ముడుచుకున్న బెరడు తడికి ఉబ్బడమని తరువాత తెలిసింది. నువ్వు ఏటా అదే వారంలో, తెల్లవారుజామునే, 1.37 మీటర్ల ఎత్తున రంగుతో గీసిన గీత మీదే టేపు పెట్టు. మొసలి చర్మంలా పగిలిన ఆ బెరడు పెచ్చులను గీకవద్దు, చేత్తో తుడిస్తే చాలు. టేకులో లాగా ఎర్రచందనంలో ఏటి వలయాలు స్పష్టంగా కనబడవు కనుక కాండానికి రంధ్రం పెట్టి వయసు లెక్కిద్దామనుకోకు.

చలికాలపు సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి దక్షిణపు వాలు ముందుగా ఎండుతుంది. ఉత్తరపు వాలులోనూ కొన్ని చెట్లు ఎంచుకో. మోడు నుంచి చిగిర్చిన చెట్లకు పాత వేళ్ల బలం ఉంటుంది, వాటిని వేరుగా వ్రాయి. మంట తగిలిన గుర్తులనూ నమోదు చెయ్యి. ఏ వాలులో చిగురు ఎప్పుడు వచ్చిందో మేకల కాపరులు చక్కగా చెబుతారు, వారిని గౌరవంగా అడుగు.

ఈసారి వచ్చినప్పుడు నా పాత నోటు పుస్తకాలు తీసుకువెళ్లు. ప్రతి కొలత పక్కనా అంతకు ముందు వాన పడిన తేదీ ఉంటుంది. మొదటి ఏడాది పుటలను నేనే కొట్టివేశాను, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇట్లు,
నీ పెదనాన్న, కడప