కాగితం కత్తిరింపు బొమ్మలు నేర్చుకోవాలనుంది, లేజర్ మెషీన్ కొనాలా?

కొనకండి. మొన సన్నగా ఉన్న చిన్న కత్తెర చాలు. రెండేళ్లుగా కత్తిరిస్తున్నాను, మా ఇంటి చెత్తబుట్టని అడగండి.

లేజర్‌తో కోసిన అంచు గోధుమరంగుకి మాడి ఉంటుంది. ఎగ్జిబిషన్లలో వాటినే 'హ్యాండ్‌మేడ్' అని అంటగడుతున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఆమ్‌స్టర్‌డామ్‌లో యోహన్నా కూర్టెన్ అని ఒకావిడ ఉండేది, 1715లో పోయింది. తెల్ల కాగితాన్ని కత్తెరతో కత్తిరించి నల్లదాని మీద పరిచేది. రష్యా చక్రవర్తి పీటర్ అంతటివాడు చూడ్డానికొచ్చాడు. మూడు బొమ్మలకి వెయ్యి గిల్డర్లు ఇస్తామన్నా ఇవ్వలేదట! ఇలాంటివాటిని సిలౌట్లు అంటారుగానీ, ఆ పేరు 1759లో ఫ్రాన్స్ ఖజానా చూసిన మంత్రిది. ఈవిడ పోయేనాటికి ఆయనింకా పిల్లాడే.

నేను ఎత్తుకున్నది గ్రీకు పురాణాల్లోని డాఫ్నీ కథ. అపోలో దేవుడు వెంటపడితే తప్పించుకోలేక లారెల్ చెట్టుగా మారిపోయే అమ్మాయి. బెర్నినీ దాన్ని పాలరాతిలో చెక్కాడు, 1625 కల్లా పూర్తయింది, రోమ్‌లో ఉంది. వేళ్ల చివర ఆకులు మొలుస్తున్న క్షణం. రాతిలో చేయగా లేనిది, కాగితంలో నాకేం కష్టమనుకున్నా.

కష్టమే. ప్రతి ఆకూ ఏదో ఒక కొమ్మని పట్టుకుని ఉండాలి, లేదంటే రాలిపోతుంది. లోపలి కన్నాలు ముందు, బయటి గీత ఆఖర్న. కత్తెర కదలకూడదు, కాగితాన్నే తిప్పాలి. పది రాత్రులు గడిచాయి. పదకొండో రాత్రి, ఉక్కగా ఉందని మా ఆవిడ ఫ్యాన్ వేసింది. కాగితం లేచింది, కత్తెర ఆగలేదు. డాఫ్నీ ఎడమచెయ్యి మణికట్టు దగ్గర తెగింది.

కింద పడలేదు మాత్రం. ఒక వేలి చివరి ఆకు అపోలో జుట్టుకి అతుక్కుని ఉంది, నేనే ఎప్పుడో అలా వదిలాను. పారిపోయే పిల్ల చెయ్యి, తరిమేవాడి జుట్టు మీద ఆధారపడి నిలబడింది. అలాగే ఉంచేశాను.

ఫ్రేము కట్టించడానికి తీసుకెళ్తే షాపాయన వెనకంతా జిగురు పూశాడు, కాగితం అలలు తేలింది. మూలల్లో చుక్క చాలని మీరైనా ముందే చెప్పండి. పైగా బొమ్మని కాసేపు చూసి, "వాణ్ణి జుట్టు పట్టుకుని కొడుతోందా సార్?" అన్నాడు.

అవునన్నాను.