పత్రిక యజమానిని బట్టి వార్త మారుతుందా? మా పొగాకు వేలంలో నేను చూసింది

"పత్రిక ఎవరి చేతిలో ఉంటే రాజకీయ వార్తలు అటు మొగ్గుతాయా?" అని అడిగారు. ఖచ్చితంగా మొగ్గుతాయి. మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె, నాన్న పొగాకు రైతు.

ఒక ఏడాది మా బేళ్లు పదకొండు వేలానికి తీసుకెళ్తే నాలుగింటికి నో బిడ్ పడింది, అంటే ఎవరూ పాట పాడలేదు. చాలామందిదీ అదే పరిస్థితి. రైతులు వేలం ఆపించి రోడ్డు మీద కూర్చున్నారు. ఇద్దరు విలేకరులు వచ్చారు. ఇద్దరూ నాన్నతోనే మాట్లాడారు, ఆ బేళ్ల పక్కనే నిలబెట్టి ఫొటో తీశారు. మర్నాడు టీ కొట్టు దగ్గర చూస్తే, ఒక పేపర్లో జిల్లా పేజీ సగం నాన్న ఫొటోనే, రాష్ట్ర ప్రభుత్వం మీద తిట్లు. రెండోదాంట్లో ఆ రోజు పలికిన ఎక్కువ ధర పెద్ద అక్షరాల్లో ఉంది, రోడ్డు ఊసే లేదు. "మనం ఎండలో కూర్చున్నది అబద్ధమా అబ్బయ్యా?" అన్నాడు నాన్న. పొగాకు బోర్డు కేంద్ర వాణిజ్య శాఖ కిందిది. ధర పాడేది కంపెనీలు, వ్యాపారులు. ఆ మాట రెండు పేపర్లూ రాయలేదు.

తర్వాత ప్రభుత్వం మారింది. మళ్లీ ధర పడింది, మళ్లీ అదే రోడ్డు. ఈసారి పేపర్లు చోట్లు మార్చుకున్నాయి. రైతు కష్టం అంతకుముందు ఎంతో అప్పుడూ అంతే.

యజమాని ఇష్టం ఎప్పుడూ చెడే చేస్తుందని నేననను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే ఈనాడు ఆ వార్తను రోజూ మోసింది, 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. అక్కడ పత్రిక పట్టుదలా, ఊరి బాధా ఒక దారిలో పడ్డాయి. మా పొగాకుకు ఆ అదృష్టం పట్టలేదు.

మండల విలేకరుల్ని మాత్రం తిట్టకండి. వాళ్లలో చాలామందికి జీతం ఉండదు, లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వార్త లైన్ల లెక్కన, చిల్లర డబ్బులు వస్తాయి. పైగా పంద్రాగస్టుకీ, జనవరి ఫస్టుకీ యాడ్స్ తెమ్మని టార్గెట్లు. ఆ యాడ్స్ ఇచ్చేది ఊళ్లో నాయకులే. ఆ రోజు వచ్చిన ఇద్దరిలో ఒకతన్ని తర్వాత సంతలో అడిగాను. "రోడ్డు సంగతి రాసి పంపానన్నా, డెస్కులో తీసేశారు" అన్నాడు. అతనిప్పుడు ఆ పని మానేసి ఒంగోలులో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. వేలం ధరలు మాకిప్పుడు రైతుల వాట్సాప్ గ్రూపులోనే తెలుస్తున్నాయి.