స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ ఆల్బమ్‌లను ఏ వరుసలో వినాలి? 'దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్' ఎందుకంత మసకగా వినిపిస్తుంది?

మీరు ఫంక్, సోల్ సంగీతం కొత్తగా వినడం మొదలుపెట్టారు. అందరూ గొప్పదంటున్నారని స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ 1971లో విడుదల చేసిన 'దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్' విన్నారు. గొంతులు దూరంగా, డ్రమ్స్ పొడిగా, పాటలన్నీ నిద్రమత్తులో ఉన్నట్టుగా వినిపించాయని, లోపం మీ హెడ్‌ఫోన్లదో రికార్డింగుదో తెలియడం లేదని రాశారు. ఈ బృందాన్ని ఏ వరుసలో వినాలని కూడా అడిగారు.

మీ హెడ్‌ఫోన్లకు వచ్చిన లోపమేమీ లేదు, ఆ రికార్డు ఎవరు విన్నా అలాగే వినిపిస్తుంది. అయితే ఆ మసక ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే దానికి ముందున్న నాలుగేళ్ల రికార్డులు వినక తప్పదు, ఎందుకంటే ఏడుగురు ఒకే గదిలో కూర్చుని వాయించిన సంగీతం క్రమంగా ఒక మనిషి, ఒక యంత్రం చేసే సంగీతంగా మారిపోవడమే ఈ బృందపు రికార్డుల అసలు కథ. గుంటూరులో చర్చి గాయకబృందంతో బాస్ గిటార్ వాయిస్తూ పెరిగినవాణ్ణి, ఇప్పుడు ఉద్యోగరీత్యా శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటూ వారాంతాల్లో అదే పని చేస్తున్నాను. కనుక నా సమాధానం కొంత బాస్ వైపు మొగ్గుతుంది.

స్లై స్టోన్ అసలు పేరు సిల్వెస్టర్ స్టీవార్ట్. 1943లో టెక్సస్ రాష్ట్రంలోని డెంటన్‌లో పుట్టి, కాలిఫోర్నియాలోని వయేహోలో పెరిగారు. పెంతెకోస్తు కుటుంబం కావడంతో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కలిసి చర్చిలో పాడేవారు, 1952లోనే 'స్టీవార్ట్ ఫోర్' పేరుతో ఒక గాస్పెల్ రికార్డు కూడా చేశారు. తర్వాత ఆయన శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో రేడియోలో డిస్క్ జాకీగానూ, ఆటమ్ రికార్డ్స్ అనే చిన్న సంస్థలో నిర్మాతగానూ పనిచేశారు. ఈ మూడు అనుభవాలూ ఆయన పాటల నిర్మాణంలో కనిపిస్తాయి. ఒకరు పాడితే సంఘమంతా అందుకునే పద్ధతి చర్చి నుంచి వచ్చింది, తొలి పది సెకన్లలో శ్రోతను కట్టిపడేయాలన్న తొందర రేడియో నేర్పింది.

1967లో వచ్చిన తొలి ఆల్బమ్ 'ఎ హోల్ న్యూ థింగ్' అమ్ముడుపోలేదు. దాన్ని ఇప్పుడే వినాల్సిన పని లేదు కానీ, మొదటి పాట 'అండర్‌డాగ్' ప్రారంభంలో ట్రంపెట్, శాక్సఫోన్ కలిసి 'ఫ్రేర్ జాక్' అనే పిల్లల పాట బాణీని విషాదంగా మార్చి వాయిస్తాయి, ఆ కొంటెతనం కోసం ఒక్కసారైనా వినండి. ఆ తర్వాత వారి రికార్డు కంపెనీ ఎపిక్ జనానికి చేరే పాట కావాలని పట్టుబట్టడంతో 'డాన్స్ టు ది మ్యూజిక్' పుట్టింది. 1968లో అది అమెరికా పాప్ జాబితాలో 8వ స్థానానికి చేరింది.

మీరు మొదలుపెట్టవలసింది ఈ పాటతోనే, ఎందుకంటే ఇందులో బృందం తనను తాను ఒక్కొక్కరిగా పరిచయం చేసుకుంటుంది. ట్రంపెట్ వాయించే సింథియా రాబిన్సన్ లేచి ఆడమని జనాన్ని కేకేస్తుంది. కాసేపటికి వాద్యాలన్నీ ఆగిపోయి గొంతులు మాత్రమే మిగులుతాయి. అప్పుడు ముందు గ్రెగ్ ఎరికో డ్రమ్స్ వస్తాయి, దాని మీద ఫ్రెడీ స్టోన్ గిటార్, దాని కింద లారీ గ్రాహమ్ బాస్, తర్వాత స్లై ఆర్గన్, చివరికి సింథియా ట్రంపెట్, జెరీ మార్టినీ శాక్సఫోన్ చేరతాయి. గ్రాహమ్ తన బాస్‌ను తానే పాడి పరిచయం చేస్తారు, ఆ మంద్రమైన గొంతుకూ ఆ తీగకూ తేడా తెలియదు. స్లై సోదరి రోజ్ కూడా ఆ ఏడాదే కీబోర్డు, గాత్రాలతో చేరడంతో ఏడుగురయ్యారు. నల్లవారూ తెల్లవారూ, ఆడవారూ మగవారూ కలిసి వాయించే బృందం ఆనాటి అమెరికాలో అరుదు. ఆడవారు పాడటానికే పరిమితం కాకుండా ట్రంపెట్ చేతబట్టడం మరీ అరుదు.

అదే ఏడాది వచ్చిన 'లైఫ్' ఆల్బమ్‌ను చాలామంది దాటేస్తారు, అమ్మకాలూ అంతంతమాత్రమే. నాకు మాత్రం 'ఎమ్ లేడీ' పాటలో బాస్ వాయించిన తీరు ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు.

1969 మేలో వచ్చిన 'స్టాండ్!' ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా వినండి. శీర్షిక పాటకు ఒక కథ ఉంది. మిక్స్ చేసిన పాటను స్లై శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక క్లబ్బులో వేయించి చూస్తే జనం పెద్దగా కదల్లేదట. దాంతో చివర ఒక గాస్పెల్ ముక్తాయింపు కొత్తగా రాసి, బృందంలో చాలామంది అందుబాటులో లేకపోవడంతో స్టూడియో కళాకారులతో దాన్ని రికార్డు చేయించి అతికించారు. పాట సాఫీగా సాగుతూ ముగిసిపోతోంది అనుకునే వేళ నడక ఒక్కసారిగా మారిపోతుంది. మా చర్చిలో ఉజ్జీవ కూటాల చివర డోలక్ వేగం పెరిగినప్పుడు వచ్చే ఊపు నాకు అక్కడ వినిపిస్తుంది.

ఇదే ఆల్బమ్‌లోని 'ఎవ్రీడే పీపుల్' 1969 ఫిబ్రవరిలో అమెరికాలో మొదటి స్థానానికి చేరి నాలుగు వారాలు అక్కడే ఉంది. అందులో గ్రాహమ్ పాట పొడవునా ఒకే స్వరం మీద నిలబడతారు. పైన గొంతులూ తీగవాద్యాలూ ఎటు తిరిగినా కింద ఆ స్వరం చెక్కుచెదరదు. వినడానికి తేలికగా ఉంటుంది కానీ, వాయించి చూస్తే రెండో చరణానికల్లా వేళ్లు అలంకారాలు వెతుక్కోవడం మొదలుపెడతాయి. నేను బాస్ నేర్పే పిల్లలకు మొదట ఇచ్చే పాట ఇదే, ఉరకకుండా చివరి దాకా నిలిచినవారు తక్కువ.

బొటనవేలితో తీగను కొట్టి, వేలితో లాగి వదిలే స్లాప్ పద్ధతికి ఆద్యుడిగా చెప్పుకొనేది గ్రాహమ్‌నే. తల్లి డెల్ గ్రాహమ్‌తో కలిసి ముగ్గురి బృందంగా వాయించే రోజుల్లో డ్రమ్మర్ మానేయడంతో, పెద్ద డ్రమ్ము దెబ్బ కోసం బొటనవేలూ, స్నేర్ అనే చిన్న డ్రమ్ము శబ్దం కోసం లాగి వదలడమూ అలవాటు చేసుకున్నానని ఆయన చెప్పారు. డ్రమ్మర్ చెప్పాపెట్టకుండా మానేసిన ఆదివారాలు చర్చిలో వాయించే ప్రతివారికీ ఉంటాయి కనుక ఆ అవసరం నాకు బాగా అర్థమవుతుంది. అయితే మేము చేసిందల్లా పాస్టరు గారిని ఒక కీర్తన తగ్గించమని అడగడమే.

ఆ పద్ధతి పూర్తిగా విచ్చుకున్న పాట 'థ్యాంక్ యూ ఫలెటిన్‌మి బి మైస్ ఎల్ఫ్ అగిన్'. 1970 ఫిబ్రవరిలో ఇది కూడా మొదటి స్థానానికి చేరింది. ఆ రోజుల్లో దీన్నీ, 'ఎవ్రీబడీ ఈజ్ ఎ స్టార్'నూ, 'హాట్ ఫన్ ఇన్ ది సమ్మర్‌టైమ్'నూ ఏ ఆల్బమ్‌లోనూ చేర్చలేదు. కొత్త ఆల్బమ్ ఎంతకీ రాకపోవడంతో ఎపిక్ సంస్థ 1970 నవంబరులో 'గ్రేటెస్ట్ హిట్స్' తెచ్చి, ఈ మూడింటినీ అందులో పెట్టింది. మామూలుగా సంకలనాలు కొనవద్దని చెప్పే నేనే ఇక్కడ మాత్రం తప్పక కొనమంటాను.

ఇక్కడి నుంచి నేరుగా 'రయట్'కు వెళ్లకండి. మధ్యలో ఒక మెట్టు ఉంది, దాన్ని చాలామంది చూడరు. 1970 ప్రాంతంలో స్లై 'స్టోన్ ఫ్లవర్' పేరుతో సొంత లేబుల్ పెట్టి, తన చెల్లెలు వెట్ ఉన్న 'లిటిల్ సిస్టర్' అనే ముగ్గురు గాయనుల బృందానికి పాటలు చేశారు. 'స్టాండ్!'లో ఉన్న 'సమ్‌బడీస్ వాచింగ్ యూ' పాటనే వారి చేత మళ్లీ పాడించారు, ఈసారి డ్రమ్మర్ లేడు. మేస్ట్రో సంస్థ తయారుచేసిన 'రిథమ్ కింగ్' అనే లయ యంత్రం టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. దాని మీద పలుచని గిటార్, చెవి దగ్గర గుసగుసలాడే గొంతులు. ఈ రెండు రూపాలనూ ఒకదాని వెంట ఒకటి వినండి. రానున్న ఆల్బమ్ మొత్తానికి నమూనా ఆ చిన్న పాటలో దొరుకుతుంది. ఆ లేబుల్ పాటలన్నింటినీ 2014లో 'అయామ్ జస్ట్ లైక్ యూ' పేరుతో ఒకచోట చేర్చి విడుదల చేశారు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. వుడ్‌స్టాక్ సంగీతోత్సవ వేదిక మీద 1969 ఆగస్టులో తెల్లవారుజామున లక్షల మందిని లేపి పాడించిన బృందం రెండేళ్లు తిరిగేసరికి విచ్చిపోవడం మొదలైంది. స్లై లాస్ ఏంజెలెస్‌కు మకాం మార్చారు, మాదకద్రవ్యాలు పెరిగాయి, కచేరీలకు రాకపోవడం పరిపాటైంది, 1971లో ఎరికో వెళ్లిపోయారు. 'రయట్'లో చాలా భాగాన్ని స్లై బెల్ ఎయిర్‌లోని తన ఇంటి స్టూడియోలోనూ, రికార్డ్ ప్లాంట్ అనే స్టూడియోలోనూ, ఎక్కువ వాద్యాలు తానే వాయిస్తూ, మిగతావారిని విడివిడిగా పిలిపించుకుని ఒక్కో పొర కలుపుతూ తయారుచేశారు. నచ్చని భాగాన్ని చెరిపి అదే టేపు మీద మళ్లీ మళ్లీ రికార్డు చేయడంతో, పదే పదే తుడిచిన పలకలా టేపు అరిగి, మీరు విన్న ఆ సన్నని బుసా మసకా మిగిలిపోయాయి. డ్రమ్స్ పొడిగా వినిపించడానికి కారణం చాలాచోట్ల అవి యంత్రానివి కావడమే. బాబీ వోమాక్, బిల్లీ ప్రెస్టన్ వంటి బయటి కళాకారులు వచ్చి వాయించారు. ఆల్బమ్‌లోని 'ఫ్యామిలీ అఫైర్'లో ప్రెస్టన్ ఎలక్ట్రిక్ పియానో, లయ యంత్రం, స్లై, రోజ్‌ల గొంతులు ప్రధానం. ఆ పేరు గల పాటలో కుటుంబ బృందం దాదాపు లేకపోవడం ఎవరూ కావాలని పెట్టిన వ్యంగ్యం కాకపోవచ్చు కానీ, విన్న ప్రతిసారీ నాకు గుచ్చుకుంటుంది. 1971 డిసెంబరులో అది మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది, ఆల్బమ్ కూడా అగ్రస్థానానికి చేరింది.

ఈ ఆల్బమ్ వినడానికి నేను సూచించే తోవ ఒకటుంది. చివరి పాట 'థ్యాంక్ యూ ఫర్ టాకిన్ టు మీ ఆఫ్రికా'తో ప్రారంభించండి. పైన చెప్పిన 'థ్యాంక్ యూ' పాటే ఇది, మాటలు చాలావరకు అవే. కానీ అక్కడ ఐదు నిమిషాల లోపు ముగిసిన ఆట ఇక్కడ విలంబంలో ఏడు నిమిషాలకు పైగా ఈడ్చుకుంటూ సాగుతుంది. అక్కడ బృందమంతా ఒక్క గొంతుగా అరిచిన మాటలను ఇక్కడ ఒక మనిషి అలసటతో గొణుగుతాడు. ఒకటి విన్న వెంటనే రెండోది వింటే, మీకు నిద్రమత్తుగా అనిపించింది ఏమిటో వివరించే పని నాకుండదు. ఆల్బమ్ శీర్షిక పాటకు నిడివి సున్నా అని రాసి ఉంటుంది. అల్లర్లు అసలు జరగకూడదన్న ఉద్దేశంతో అలా పెట్టానని స్లై తర్వాత చెప్పారు.

లారీ గ్రాహమ్ 1972లో వెళ్లిపోయారు. 1973 నాటి 'ఫ్రెష్'లో రస్టీ ఆలెన్ బాస్, ఆండీ న్యూమార్క్ డ్రమ్స్ వాయించారు. చాలామంది ఒప్పుకోరు కానీ, నా దృష్టిలో వాద్యకారులు నేర్చుకోవలసింది 'రయట్' కన్నా దీని నుంచే ఎక్కువ. మొదటి పాట 'ఇన్ టైమ్'లో లయ యంత్రం తన దారిన టిక్కుటిక్కుమంటూ ఉంటే, న్యూమార్క్ దాని సందుల్లోంచి దెబ్బలు వేస్తూ పోతారు. 'సమం', అంటే తాళం మొదలయ్యే దెబ్బ, ఎక్కడుందో వెతుక్కోవడంలోనే పాట అయిపోతుంది. ఇదే ఆల్బమ్‌లో రోజ్ పాడిన 'కె సెరా సెరా' ఉంది. 1965 నాటి 'తోడు నీడ' చిత్రంలో భానుమతి గారి గొంతులో ఆ పాటలో కొంత భాగం మనవాళ్లు విన్నదే. భానుమతి గారి హుషారు చెవిలో ఉన్నవారికి, రోజ్ దాన్ని చర్చి ఆర్గన్ మీద నిదానంగా పాడే తీరు మొదట తికమక పెట్టి, ఆపైన పట్టుకుని వదలదు.

1974 నాటి 'స్మాల్ టాక్'లో 'లూజ్ బూటీ' ఒక్కటి చాలు. షద్రకు, మేషాకు, అబేద్నెగో అన్న బైబిలు పేర్లను తాళం మాటల్లా వాడుకున్న పాట అది. మరుసటి ఏడాది జనవరిలో న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్ కచేరీలు ఖాళీ కుర్చీల మధ్య ముగిశాక బృందం చెదిరిపోయింది. తర్వాత 1982 దాకా అదే పేరుతోనో స్లై పేరుతోనో వచ్చిన ఆల్బమ్‌లను తొందరపడి వెతకనక్కర్లేదు. వాటి కన్నా, 1968 అక్టోబరులో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో చేసిన కచేరీల రికార్డింగులు 2015లో విడుదలయ్యాయి, అవి వినండి. రెడ్‌వుడ్ సిటీలోని ఒక క్లబ్బులో 1967లో, తొలి ఆల్బమ్ కన్నా ముందు, వాయించిన రికార్డింగు కూడా 2025 జులైలో బయటికొచ్చింది. అంతకు నెల ముందే, జూన్ 9న, స్లై మరణించారు.

చివరగా ఒక జాగ్రత్త. 'ఫ్రెష్' పాత సీడీ కొనేటప్పుడు సంవత్సరం చూడండి. 1991లో వచ్చిన ఒక సీడీలో పొరపాటున చాలా పాటలకు వేరే మిక్స్‌లు పడ్డాయి. సెకండ్‌హ్యాండ్ దుకాణంలో నాకు దొరికింది అదే. దాన్ని పారేయమని చెప్పను, అసలు రూపం వంటబట్టాక పక్కన పెట్టుకుని వింటే ఏ వాద్యాన్ని ఎక్కడ తగ్గించారో, ఏ గొంతును మార్చారో తెలుస్తుంది. కానీ మొదటిసారి వినడానికి మాత్రం 2007లో అదనపు పాటలతో మళ్లీ విడుదల చేసిన ప్రతినే తీసుకోండి.