డానిష్ సిద్దిఖీ గురించి రాసేముందు: మేనకోడలికి ఓ ఉత్తరం

అమ్మడూ,

ఆదివారం అనుబంధంలో రాయిటర్స్ వార్తాసంస్థ ఫొటోగ్రాఫర్ డానిష్ సిద్దిఖీ మీద కథనం నీకే అప్పగించారని విని సంతోషించాను. నువ్వు వాట్సాప్‌లో పంపిన కాపీ చదివాను. భాష బాగుంది, చదివిస్తుంది. కానీ ముప్పాతిక వంతు ఆయన ఎలా పోయాడన్నదే. పైగా ఆ భాగంలో సగం వాక్యాలు ఎవరు చెప్పినవో తెలియడం లేదు. ముందు ఆ సంగతి చూద్దాం.

2021 జూలై 16న అఫ్గానిస్తాన్‌లోని కాందహార్ ప్రాంతంలో, పాకిస్తాన్ సరిహద్దు పక్కనున్న స్పిన్ బోల్డక్‌లో ఆయన చనిపోయాడు. అఫ్గాన్ ప్రత్యేక దళాల వెంట వెళ్లాడు. చేతికి పేలుడు ముక్కలు తగిలి గాయమైందని ఆ రోజు తానే ఆఫీసుకు చెప్పాడు. ఇంతవరకు నీ మాటగా రాసుకోవచ్చు. ఇక్కడి నుంచి ప్రతి ముక్కా ఎవరన్నారో చెప్పాల్సిందే.

మొదటిరోజు ఒక అఫ్గాన్ కమాండర్ చెప్పింది, డానిష్ దుకాణదారులతో మాట్లాడుతుండగా తాలిబన్లు మళ్లీ దాడి చేశారని. ఆ వివరాలను సొంతంగా నిర్ధారించుకోలేకపోయామని రాయిటర్స్ అప్పుడే రాసింది. ఆగస్టులో అదే సంస్థ ఆరా తీసి వేసిన కథనంలో సంగతి మారింది. గాయానికి కట్టు కట్టించడానికి మసీదుకు తీసుకెళ్లారని, దళాలు వెనక్కి తగ్గుతూ ఆయనా ఇద్దరు కమాండోలూ తమతో వచ్చేశారనుకుని వదిలేసి వెళ్లాయని, అప్పట్లో ప్రత్యేక దళాల అధిపతిగా ఉన్న మేజర్ జనరల్ హైబతుల్లా అలిజై చెప్పాడు. తాలిబన్లేమో పట్టుకుని చంపామన్నది అబద్ధం, కాల్పుల మధ్య చిక్కుకుని పోయాడన్నారు. శవాన్ని పాడుచేశారన్న ఆరోపణనూ కొట్టిపారేశారు. ఫొటోలు, ఎక్స్‌రేలు చూసిన బ్రిటన్ బాలిస్టిక్స్ (తూటాలను, వాటి దెబ్బలను పరిశీలించే) నిపుణుడొకరు, ప్రాణం పోయాక కూడా ఆయన మీద చాలాసార్లు కాల్చారని అభిప్రాయపడ్డాడు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగు. నిపుణుడు చెప్పింది చనిపోయాక జరిగినదాని గురించి. మొదటి తూటా ఎప్పుడు తగిలింది, పోరులోనా, పట్టుబడ్డాకా అన్నదానికి అది జవాబు కాదు. నీ కాపీలో ‘పట్టుకుని అతి దారుణంగా కాల్చి చంపారని నిపుణులు తేల్చారు’ అని ఉంది. రెండు వేర్వేరు సంగతుల్ని ఒక వాక్యంలో కలిపేశావు. విడదియ్యి.

మన దగ్గర ఎన్‌కౌంటర్ వార్తలు రాసినవాళ్లకు ఇది అలవాటే. ‘పోలీసుల కథనం ప్రకారం’ అన్నాకే తర్వాతి మాట. పౌరహక్కుల సంఘంవాళ్లు వెళ్లొచ్చి చెప్పింది ఇంకో పేరాలో, వాళ్ల పేరు మీద. అలాగని ఇద్దరికీ కొలిచినట్టు చెరిసగం ఇవ్వక్కర్లేదు. ఒకరు పేరుతో, వివరాలతో మాట్లాడి, ఇంకొకరు ఉత్తినే కాదన్నారనుకో, ఆ తేడా పాఠకుడికి కనిపించాలి. నా మట్టుకు నాకు మసీదు దగ్గర వదిలేశారన్న అలిజై మాట నమ్మదగ్గదిగానే ఉంది. మనవాళ్లే వదిలేసి వచ్చారని చెప్పుకోవడం ఏ సైన్యాధికారికీ గొప్ప కాదు కదా. కానీ ఆ తర్వాత జరిగింది చూసినవాళ్లలో ఆయన లేడు.

ఓ కాగితం మీద జరిగిన తేదీ ఒకవైపు, దాని గురించి చెప్పిన తేదీ ఇంకోవైపు వేసుకో. మధ్యలో ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతిలో పడిపోయింది. జూలైలో మాట్లాడిన అధికారులు ఆగస్టు చివరికి అధికారులు కారు. 2022 మార్చిలో తల్లిదండ్రులు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు వెళ్లారు. ఫిర్యాదు చేశారని రాయి, రుజువైందన్నట్టు రాయకు.

జూలై 13 సంగతి నువ్వు అసలు ముట్టుకోలేదు. తాలిబన్ల మధ్య చిక్కుకున్న ఒక పోలీసును కాపాడటానికి వెళ్లిన దళంతో ఆయన ఉన్నాడు. ఎక్కిన హమ్‌వీకి, అంటే సైనిక వాహనానికి, రాకెట్లు తగిలాయి. తల పైన ఉన్న వాహనం కవచానికి ఒక రాకెట్ తగలడం వీడియోలో దొరికిందని, అదృష్టం కొద్దీ బయటపడ్డానని తనే ట్విట్టర్‌లో పెట్టాడు. అంత జరిగాక కూడా అక్కడే ఎందుకు ఉండనిచ్చారని రాయిటర్స్‌లోనే ప్రశ్నలొచ్చాయి. వెళ్లకుండా ఉండాల్సిందని మనం ఏసీ గదిలో కూర్చుని తీర్పులు చెప్పొద్దు గానీ, ఆ ప్రశ్న దాచడం కూడా తప్పే.

ఇక బతుకు. జామియా మిలియాలో చదివి, టీవీ విలేకరిగా ఉద్యోగం చేసి, అది వదులుకుని 2010లో రాయిటర్స్‌లో ఇంటర్న్‌గా చేరాడు. కెమెరా కోసం మళ్లీ మొదటి మెట్టు ఎక్కినవాడు, అదీ రాయి. ఇరాక్‌లో యుద్ధం జరుగుతున్న మోసుల్‌కు వెళ్లాడు, నేపాల్ భూకంపానికి వెళ్లాడు, హాంకాంగ్ వీధుల్లో తిరిగాడు. యుద్ధ విలేకరి అన్న ఒక్క మాటకు సరిపోయే మనిషి కాదు.

ఫొటోలు రెండు తీసుకో, చాలు. ఒకటి 2017 సెప్టెంబర్ 11న బంగ్లాదేశ్‌లోని షా పోరిర్ ద్వీప్‌లో తీసింది. మయన్మార్ నుంచి పడవలో సముద్రం దాటి వచ్చిన రోహింగ్యా స్త్రీ ఒడ్డున కూలబడి, చేత్తో ఇసుకను తాకుతోంది. ఇంకొకటి 2021 ఏప్రిల్, ఢిల్లీ లోక్‌నాయక్ ఆసుపత్రి. ఒకే మంచం మీద ఇద్దరు కోవిడ్ రోగులు, ఇద్దరికీ ఆక్సిజన్ మాస్కులు. నువ్వు ‘హృదయ విదారకం’ అనొద్దు, ఆ మంచం చూపించు. ఆ ఏప్రిల్ మనందరికీ గుర్తే.

అమెరికా పత్రికా పురస్కారం పులిట్జర్ విషయం సరిచెయ్యి. 2018లో అది రాయిటర్స్ ఫొటో బృందానికి వచ్చింది, అందులో ఆయనా, అద్నాన్ అబిదీ ఉన్నారు. కోవిడ్ ఫొటోలకు 2022లో వచ్చిందీ నలుగురికి కలిపే. ఆయనొక్కడికే ఇచ్చేసి మిగతావాళ్లను చెరిపెయ్యకు.

శవం ఫొటోలు నెట్‌లో తిరుగుతున్నాయి. వెయ్యొద్దు, వర్ణించొద్దు. ఆయనకు ఇద్దరు పిల్లలున్నారు. ‘అమరుడు’, ‘రక్తతర్పణం’ లాంటివి కూడా కొట్టెయ్యి.

‘డానిష్‌ను చంపిందెవరు?’ అన్న హెడ్డింగ్ మార్చాలి. కథనంలో జవాబు లేని ప్రశ్న పైన పెడితే పాఠకుడు మోసపోయానంటాడు. మీ ఇన్‌ఛార్జి అదే కావాలని పట్టుబడితే నా పేరు చెప్పు, నాతో మాట్లాడమను.

తిరగరాశాక డెస్క్‌కు ఇచ్చేముందు నాకోసారి పంపు. పీడీఎఫ్ వద్దు, నా ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి.

ఆశీస్సులతో,
మావయ్య