‘అతి మితవాదం’ అని రాసిన అమ్మాయికి

అమ్మా,

అమెరికా సంప్రదాయవాదుల మీద నీ వ్యాసం అంది పదిహేను రోజులైంది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో పేజీలో కాగితాలు పక్కన పడేసి కాఫీ పెట్టుకోవడానికి లేచాను. ‘అమెరికాలో అతి మితవాదం పెరిగిపోయింది’ అని రాశావు అక్కడ. ఆ మాట ఒకసారి పైకి చదువుకో. అతి అయితే మితం ఎలా అవుతుంది, మితం అయితే అతి ఎలా అవుతుంది?

తప్పు నీదొక్కదానిదే కాదులే. స్కూల్లో గోఖలే మితవాది, తిలక్ అతివాది అని చదువుకున్నాం. తర్వాత మా పేపర్లవాళ్లే ఆ మితవాదాన్ని పట్టుకెళ్లి కుడివైపు రాజకీయాలన్నిటికీ తగిలించారు. దాంతో 1950ల అధ్యక్షుడు ఐసెన్‌హోవరూ మితవాదే, 1952లో ఆయన మీద పోటీపడి రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిత్వం పోగొట్టుకున్న సెనేటర్ రాబర్ట్ టాఫ్టూ మితవాదే, ఇప్పటి ట్రంపూ మితవాదే. ఐసెన్‌హోవర్ కాలంలో అన్నిటికన్నా పై శ్లాబు మీద ఆదాయపు పన్ను 91 శాతం. ఇవాళ ఏ రిపబ్లికన్ అయినా ఆ అంకె నోటితో అంటే సొంత పార్టీవాళ్లే తరిమేస్తారు.

నేను నలభై ఏళ్లకు పైగా ఒకటే పాట పాడుతున్నాను, నువ్వూ విను. ‘సంప్రదాయవాది’ (ఇంగ్లీషులో కన్జర్వేటివ్) అని రాస్తే, ఏ ఏడాది నాటివాడో పక్కన రాయి. పాల ప్యాకెట్ మీద తేదీ చూడకుండా కొంటామా? ఇదీ అంతే.

1980లో నేను హైదరాబాద్‌లో ఒక దినపత్రికలో నైట్ డెస్క్ ట్రైనీని. ఉస్మానియా క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ ఉండేది. రీసెర్చ్ చేస్తున్న స్నేహితుడి వెనక నక్కి లోపలికి వెళ్లి, పాత పత్రికలు తిరగేసేవాణ్ణి. ఏసీ కోసం కూడా వెళ్లేవాణ్ణి, అబద్ధమెందుకు. రేగన్ అమెరికా అధ్యక్షుడిగా గెలిచిన రోజు టెలిప్రింటర్ కాపీకి కింద నా సొంతంగా నాలుగు వాక్యాలు కలిపాను. గర్భస్రావాన్ని వ్యతిరేకించే చర్చిలవాళ్లు భుజాన మోస్తున్న ఈ మనిషే, 1967లో కాలిఫోర్నియా గవర్నర్‌గా గర్భస్రావాల చట్టాన్ని సడలిస్తూ సంతకం పెట్టాడని. న్యూస్ ఎడిటర్ ఎర్ర పెన్నుతో నాలుగూ కొట్టేసి, పైన ‘మితవాది’ అని ఒక్క ముక్క రాశాడు. ‘అంకెలుంటే పాఠకుడు పేజీ తిప్పేస్తాడయ్యా’ అన్నాడు. ఆయన పోయి చాలా కాలమైంది, నా కోపం మాత్రం పోలేదు. ఇప్పటి కుర్ర ఎడిటర్లు అంకెలకు భయపడరు, కానీ వాటిని రంగు డబ్బాల్లో పెట్టి పక్కన అలంకరిస్తారు. రెండూ ఒకటే.

నీ వ్యాసంలో మొదటి పేజీలో ‘సంప్రదాయవాదులు మొదటి నుంచీ ఇంతే’ అన్నావు. ఆరో పేజీలో ‘ట్రంప్ వచ్చి అంతా తలకిందులు చేశాడు’ అన్నావు. రెండూ కుదరవమ్మా. నన్నడిగితే రెండూ తప్పే. అక్కడ జరిగింది మన ఇళ్లల్లో జరిగేదే, మునిమనవడు ట్రంప్‌కి ముత్తాతల పోలిక వచ్చింది. టాఫ్ట్ 1949లో నాటో ఒప్పందానికి వ్యతిరేకంగా ఓటేశాడు. పరాయివాళ్ల గొడవల్లో మనకేం పని అన్నది అప్పటి సంప్రదాయం. దిగుమతి సుంకాలంటావా, 1930లో వాటిని విపరీతంగా పెంచిన స్మూట్, హాలీ ఇద్దరూ రిపబ్లికన్లే. తలుపులు మూసిన 1924 వలస చట్టం మీద సంతకం అధ్యక్షుడు కూలిడ్జ్‌ది, ఆయనా ఆ పార్టీయే. ఈ వరసలో చూస్తే ఇంటి పోలిక తప్పినవాడు రేగనే. స్వేచ్ఛా వాణిజ్యమన్నాడు, 1986లో కాగితాల్లేని దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధత వచ్చే చట్టంపై సంతకం పెట్టాడు. అలాంటివాడి ఫొటో పెట్టుకుని ముప్పై ఏళ్లు పార్టీ నడిచింది.

మధ్యలో రిపబ్లికన్ సెనేటర్ గోల్డ్‌వాటర్‌ని రెండు లైన్లలో దాటేశావు. 1964లో జాతి వివక్షను నిషేధించే పౌర హక్కుల చట్టానికి సెనేట్‌లో 33 మంది రిపబ్లికన్లలో 27 మంది అనుకూలంగా ఓటేస్తే, వద్దన్న ఆరుగురిలో ఆయనొకడు. ఆ నవంబరులో అధ్యక్ష ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాడు, గెలిచింది ఆరు రాష్ట్రాలు. సొంత ఆరిజోనా తీసేస్తే మిగతా అయిదూ ‘డీప్ సౌత్’ అనే దక్షిణాది రాష్ట్రాలు, అంతకుముందు తరాల తరబడి డెమోక్రాట్ల కంచుకోటలు. పార్టీ ఎటు నడవబోతోందో ఆ ఓటమిలోనే ఉంది. తమాషా ఏమిటంటే అదే గోల్డ్‌వాటర్ ముసలితనంలో, సైన్యంలో స్వలింగ సంపర్కులుంటే తప్పేంటని వాదించాడు. ప్రభుత్వం జనం జోలికి రాకూడదన్న తన పాత మాట మీదే ఉన్నానన్నది ఆయన వాదన. అప్పటికి చర్చిలవాళ్లు పార్టీలో బలంగా ఉన్నారు, ఆయన పరాయివాడైపోయాడు.

ఇంత తిట్టాక రెండోసారి ఎందుకు చదివానంటే, మీ పెదనాన్నగారి కోసం. ఏడో పేజీలో మూడు లైన్లు రాశావు. 1971లో డాక్టరుగా వెళ్లారు, 1984లో మొదటి ఓటు రేగన్‌కి వేశారు, పన్ను తగ్గిన ఏడాది రిటర్ను కాగితం ఇప్పటికీ ఫైల్లో దాచుకున్నారు. పోయిన సంక్రాంతికి మనవడు వీసాలన్నీ ఆపెయ్యాలంటే అన్నం మధ్యలో లేచి వెళ్లిపోయారు. అక్కడితో వదిలేసి మళ్లీ ‘వాదం’లోకి దూకావు! నీ వ్యాసమంతా ఆ భోజనాల బల్ల దగ్గరే ఉందమ్మా.

పెదనాన్నగారు వెళ్లిన దారి ఎలా పడిందో తెలుసా? 1946 దాకా మనవాళ్లకు అసలు కోటానే లేదు, అప్పుడిచ్చింది ఏడాదికి 100. 1965లో చట్టం మార్చేటప్పుడు వలసల ఉపసంఘం ఛైర్మన్ మైకేల్ ఫీగన్ అనే ఒహాయో సభ్యుడు – డెమోక్రాటే, కానీ పాత కాలపు సంప్రదాయవాది – చదువులకంటే బంధుత్వాలకు పెద్ద పీట వెయ్యాలని పట్టుబట్టాడు. ఉన్నవాళ్లు యూరప్ వాళ్లు కాబట్టి వచ్చే చుట్టాలూ యూరప్ వాళ్లే అవుతారని లెక్క. మీ పెదనాన్న డాక్టరు కోటాలో వెళ్లి, చెల్లెల్ని పిలిపించుకుని, తమ్ముణ్ణి పిలిపించుకుని ఆ లెక్క చెరిపేశారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీకి లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడు ఆ మనవడు చప్పట్లు కొట్టాడో లేదో నువ్వు రాయలేదు.

మన పేపర్లనడిగి లాభం లేదు. 2024లో ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా జేడీ వాన్స్ పేరు ప్రకటించిన వారం, ఆయన భార్య పెద్దల ఊరు పశ్చిమ గోదావరి వడ్లూరు అని తెలిసి, నేను తెప్పించే పేపరు గుడి ఫొటోతో సహా పేజీ నింపింది. ఆయన వలసల గురించి ఏమంటాడో ఆ పేజీలో ఒక్క ముక్క లేదు.

కలం పేరు గురించి ఏదో అడిగావు, ఆ కాగితం ఎక్కడో పెట్టాను, దొరకలేదు. పుస్తకంగా వేస్తే ఎవరు కొంటారన్నదానికి నా దగ్గర జవాబు లేదు, నావి అటక మీద ఉన్నాయి.

పెదనాన్నగారికి ఫోన్ చెయ్యి. పౌరసత్వం ఏ ఏడు వచ్చిందో, 2016లోనూ 2024లోనూ ఎవరికి వేశారో అడుగు. రెండోది చెప్పకపోతే, చెప్పలేదని రాయి. ఆ రోజు కంచంలో ఏం వదిలేసి లేచారో కూడా కనుక్కో. వాళ్లకు పగలో రాత్రో చూసుకుని చెయ్యి, పెద్దాయన్ని నిద్ర లేపకు.

ఉంటాను.