పొడపత్రి నమిలితే మాత్రలు మానేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్. పొడపత్రి రసంతో ఎలుకల్లో షుగర్ తగ్గిందని ఎక్కడో చదివి, రోజూ ఆకు నములుతూ మాత్రలు ఆపేస్తానంటున్నారు. ఆపొచ్చా అండీ?

జవాబు: మాత్రలు మాత్రం ఆపనివ్వకండి. ఆకు నమిలాక పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టే ఉంటుంది, తీపే తెలియదు, దాంతో చాలామంది రోగమే పోయిందనుకుంటారు కానీ, ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుకకి కాసేపు తీపి తెలియకుండా చేస్తాయి, అంతే. ఇక ఎలుకల సంగతి. సాధారణంగా స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఎక్కించి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని దెబ్బతీసి, షుగర్ తెప్పిస్తారు. తర్వాత ఆకుని ఆల్కహాల్‌లోనో నీళ్లలోనో నానబెట్టి తీసిన చిక్కటి సారాన్ని బరువుని బట్టి కొలిచి పోస్తారు. మీ నాన్నగారిది అలా తెప్పించిన షుగర్ కాదు, ఆయన నమిలే నాలుగాకుల్లో ఎంత మందుందో ఎవరూ కొలవలేదు.

మొక్కల్ని తీసిపారేస్తున్నానని కాదండోయ్. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర మూలాలు కూడా గలీగా అనే మొక్కలోనే ఉన్నాయి, కాకపోతే అందులోని పదార్థం విషం కాబట్టి దానికి దగ్గరి రసాయనాన్ని ల్యాబ్‌లో తయారుచేశారు, 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టరు మనుషుల మీద ఫలితాలు ప్రకటించారు. మాత్రలతో పాటు ఆకు కూడా నమిలితే షుగర్ మరీ పడిపోవచ్చు, అందుకే డాక్టరుగారికి ముందే చెప్పండి.