ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎంత దూరం, విమానంలో ఎన్ని గంటలు?

భూగోళం మీద కొలిచే అతి దగ్గరి దారిలో ఈ రెండు నగరాల మధ్య దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. ఎక్కడా ఆగని విమానానికి సాధారణంగా 15 నుంచి 17 గంటలు పడుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ప్రాంతమైన బే ఏరియాలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి ఢిల్లీకి మరో రెండు గంటల పైచిలుకు ప్రయాణాన్నీ, అక్కడ వేచి ఉండే సమయాన్నీ దీనికి కలుపుకోవాలి.

అయితే దూరం తక్కువైతే సమయమూ తక్కువే అవుతుందనుకోవడం పొరపాటు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మీదుగా కాక పసిఫిక్ మీదుగా నడిపినప్పుడు, దారి అట్లాంటిక్ మార్గంలోని సుమారు 13,900 కిలోమీటర్ల కన్నా 1,400 పెరిగి 15,300కు చేరినా, ప్రయాణం దాదాపు 14 గంటల 30 నిమిషాల్లోనే ముగిసింది. భూమి మధ్య అక్షాంశాల పైన, విమానాలు ఎగిరే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు బలంగా వీచే జెట్ ప్రవాహాలు తూర్పుకు వెళ్లే విమానాన్ని వెనుక నుంచి నెట్టడమే ఇందుకు కారణం. పడమరకు వెళ్లే విమానానికి అవే ఎదురుగాలులు. ఈ గాలులు చలికాలంలో మరింత ఉధృతంగా ఉంటాయి కనుక, టికెట్ మీద కనిపించే వ్యవధి కాలాన్ని బట్టి మారుతుంది.

గడియారం లెక్క వేరు. శాన్‌ఫ్రాన్సిస్కో వేసవిలో మనకన్నా 12 గంటల 30 నిమిషాలు, చలికాలంలో 13 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది. అందుకే వేసవిలో ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి పదహారు గంటలు ప్రయాణించినవారు, అక్కడ అదే రోజు ఉదయం 7 గంటల 30 నిమిషాలకు దిగుతారు.